పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష: ఫిట్ (FIT అనే మల పరీక్ష) చాలా, కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పేగు లోపల చూసే పరీక్ష) కావాలా?

లక్షణాలేమీ లేనివాళ్లకు, రక్తసంబంధీకుల్లో ఈ క్యాన్సర్ లేనివాళ్లకు రెండూ పనికొస్తాయి. అమెరికా మార్గదర్శకాలు 45 ఏళ్లకు మొదలుపెట్టమంటున్నాయి.

ఫిట్ మలంలో కంటికి కనిపించని రక్తాన్ని పడుతుంది. ఇంట్లోనే పుల్లతో కొద్దిగా నమూనా తీసి ఇస్తే సరి. మనిషి హిమోగ్లోబిన్‌నే గుర్తిస్తుంది కాబట్టి మాంసం మానక్కర్లేదు. నమూనా టాయిలెట్ నీళ్లలో పడకూడదు. వేడికి హిమోగ్లోబిన్ చెడిపోతే రక్తం ఉన్నా లేదనే వస్తుంది, మన ఎండల్లో ఇది చిన్న విషయం కాదు. క్యాన్సర్ ఉన్న నలుగురిలో సుమారు ముగ్గురిని పట్టుకుంటుంది. రక్తం కారని పాలిప్‌లు (పేగు లోపలి గోడ మీద పెరిగే, క్యాన్సర్‌గా మారగల బుడిపెలు) మాత్రం చాలావరకు తప్పించుకుంటాయి. అందుకే ఏటా చేయించాలి.

కొలనోస్కోపీలో కనబడ్డ పాలిప్‌ను సాధారణంగా అక్కడికక్కడే తీసేస్తారు, అంటే రాబోయే క్యాన్సర్‌నే ఆపుతారు. అంతా బాగుంటే మళ్లీ 10 ఏళ్లకు. అసలు కష్టం పేగు శుభ్రతే: 2 నుంచి 4 లీటర్ల పెగ్ (విరేచనాల మందు) ద్రావణం తాగాలి, సగం ముందురోజు సాయంత్రం, మిగతా సగం పరీక్షకు 4-6 గంటల ముందు. రెండో సగం ఎగ్గొడితే కుడివైపు పేగు సరిగా కనిపించదు, డబ్బు దండగ. పేగుకు చిల్లు పడే ప్రమాదం వెయ్యిలో ఒకటికన్నా తక్కువ.

ఫిట్ పాజిటివ్ వస్తే మళ్లీ ఫిట్ కాదు, కొలనోస్కోపీయే. "పైల్స్ రక్తంలే" అనుకుని ఆగేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. రక్తం పడుతున్నా, కారణం తెలియని రక్తహీనత ఉన్నా, తోబుట్టువులకో తల్లిదండ్రులకో ఈ జబ్బు వచ్చినా ఫిట్ ఊసెత్తకుండా నేరుగా గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికే వెళ్లాలి.