జాగ్వార్ ఈ-టైప్, పోర్షే 911: కొనదలచినవారు చూడవలసినవి

1961 మార్చిలో జెనీవా ప్రదర్శనలో తొలిసారి కనిపించిన నాటి నుంచి జాగ్వార్ ఈ-టైప్ అందాన్ని పొగడనివారు లేరు. అయితే ఆ పొడవాటి బానెట్ వెనుక దాగిన ఇంజినీరింగ్‌కు దక్కవలసినంత గుర్తింపు దక్కలేదని నేను గట్టిగా నమ్ముతాను. నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, వెనుక చక్రాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షన్, 265 హార్స్‌పవర్ ఇస్తుందని కంపెనీ ప్రకటించిన 3.8 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, ఇవన్నీ బ్రిటన్‌లో రెండు వేల పౌండ్లకు కాస్త పైబడిన ధరకే లభించాయి. అప్పట్లో ఫెరారీ, ఆస్టన్ మార్టిన్ కార్ల ధరలు దీనికి ఎంతో పైన ఉండేవి. విమాన తయారీ రంగం నుంచి వచ్చిన మాల్కం సేయర్ గాలి ప్రవాహాన్ని గణితంతో లెక్కగట్టి ఈ రూపాన్ని గీశాడు కాబట్టే, ఇందులో అలంకారం కోసం పెట్టిన వంపు ఒక్కటీ కనిపించదు.

1963లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో 901 పేరుతో వెలువడి, ఫ్రెంచి కార్ల కంపెనీ ప్యూజో అభ్యంతరం వల్ల 911గా మారిన పోర్షే దారి పూర్తిగా వేరు. రేడియేటర్ లేకుండా గాలితోనే చల్లబడే రెండు లీటర్ల ఎయిర్‌కూల్డ్ ఇంజిన్ శక్తి 130 హార్స్‌పవరే అయినా, కారు తేలికైనది కనుక చురుకుదనానికి లోటు లేదు. ఇంజిన్ వెనుక ఇరుసుకు ఆవల ఉండటంతో, మలుపు మధ్యలో యాక్సిలరేటర్‌ను హఠాత్తుగా వదిలితే తొలినాటి కార్ల వెనుక భాగం పక్కకు జారేది. 1969 మోడల్‌కు వీల్‌బేస్‌ను, అంటే ముందు వెనుక ఇరుసుల మధ్య దూరాన్ని, 57 మిల్లీమీటర్లు పెంచాక ఆ స్వభావం చాలావరకు అదుపులోకి వచ్చింది. నడపడానికే కొనేవారు 1969 నుంచి 1973 వరకు వచ్చిన కార్లను చూడటం మేలు.

ఈ-టైప్‌లోనూ ఇలాంటి విభజనే ఉంది. 3.8 కారు గేర్‌బాక్స్‌లో మొదటి గేరుకు సింక్రోమెష్ (గేరు సాఫీగా పడేలా చేసే ఏర్పాటు) లేదు, సీట్లు కూడా దూరప్రయాణానికి అనువైనవి కావు. 1964 చివర్లో వచ్చిన 4.2 లీటర్ల కారు ఈ రెండు లోపాలనూ సరిదిద్దింది. వేలంలో తొలి 3.8 కార్లకు ఎంత మోజు ఉన్నా, నా ఎంపిక 4.2 కూపేనే (స్థిరమైన పైకప్పు ఉన్న రకం), తక్కువ వేగంలోనే సాఫీగా లాగే ఆ ఇంజిన్‌తో సుదీర్ఘ ప్రయాణం చేయడంలో ఉన్న హాయిని 911 ఇవ్వలేదు. ఇరుకైన కొండదారుల్లోనూ, రద్దీలో రేడియేటర్ వేడెక్కుతుందన్న చింత లేకపోవడంలోనూ మాత్రం పోర్షేదే పైచేయి.

రెండింటికీ అసలు శత్రువు తుప్పు. పోర్షే బాడీకి పూర్తి జింక్ పూత 1976 మోడల్‌తో గానీ రాలేదు. అందువల్ల పెయింట్ మెరుపు చూసి బయానా ఇవ్వకుండా, కారును ర్యాంప్ ఎక్కించి, ఈ-టైప్‌లో తలుపుల కింది సిల్స్‌నూ, ముందు భాగంలోని గొట్టపు ఫ్రేములనూ, 911లో వెనుక టార్షన్ బార్ల (స్ప్రింగుల్లా పనిచేసే ఉక్కు కడ్డీల) చుట్టుపక్కలనూ, ముందు బ్యాటరీ ఉండే చోటునూ పరీక్షించాలి. ఆ తరువాతే ఇంజిన్ నంబరు కంపెనీ రికార్డులతో సరిపోతుందో లేదో చూసుకోవాలి.