కిర్క్‌బ్రైడ్ భవనమా, కాటేజీలా: ఏది మేలు?

అమెరికాలో తొలినాటి ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల గురించి ఎప్పుడు రాసినా పాఠకులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. డాక్టర్ కిర్క్‌బ్రైడ్ పద్ధతిలో కట్టిన పొడవాటి భవనాలు మేలా, తర్వాత వచ్చిన, రోగుల్ని విడివిడి చిన్న ఇళ్లలో ఉంచే కాటేజీ పద్ధతి మేలా? అడిగేవాళ్లలో ఎక్కువమంది మొగ్గు కాటేజీల వైపే. నా మొగ్గు అటు లేదు.

మిగతా దారుల సంగతి ముందే తేల్చేద్దాం. కౌంటీ పూర్‌హౌస్‌ను, అంటే దిక్కులేని పేదల్ని ఉంచే స్థానిక ఆశ్రమాన్ని, పోటీలోకి తేవడమే తప్పు. 1869లో న్యూయార్క్ రాష్ట్రంలో విలార్డ్ ఆసుపత్రి తెరిచినప్పుడు అక్కడికి వచ్చిన తొలి రోగి, పూర్‌హౌస్‌లో ఏళ్ల తరబడి కట్టేసి ఉంచిన ఒక స్త్రీ. స్టీమర్ దిగేటప్పుడు కూడా ఆమెకు సంకెళ్లున్నాయి. ఇక బెల్జియంలోని గీల్‌లో లాగా రోగుల్ని కుటుంబాల ఇళ్లలో ఉంచే పద్ధతి మంచిదే. మసాచుసెట్స్ 1885లో దాన్ని మొదలుపెట్టింది కూడా. కానీ అది కొద్దిమందికే పరిమితమైంది.

థామస్ స్టోరీ కిర్క్‌బ్రైడ్ ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా హాస్పిటల్ వారి మానసిక ఆసుపత్రికి 1841 నుంచి 1883లో పోయేదాకా సూపరింటెండెంటు. ఆయన నమూనాలో మొదట లేచింది న్యూజెర్సీలోని ట్రెంటన్ ఆసుపత్రి, 1848లో. నడుమ ఆఫీసు, పెద్ద డాక్టరు కుటుంబం ఉండే గదులు. ఒక పక్క మగవాళ్ల వార్డులు, మరో పక్క ఆడవాళ్లవి. ప్రతి రెక్కా ముందున్న దానికంటే కొంచెం వెనక్కి జరిగి ఉంటుంది. అలా జరగడం వల్ల ప్రతి వార్డు కొసన గోడ బయటికి తేలి, అక్కడ కిటికీ పెట్టడానికి వీలవుతుంది, నడవా పొడుగునా గాలీ వెలుతురూ పారుతుంది. నెమ్మదిగా ఉండే రోగులు నడిమి భవనానికి దగ్గర్లో, ఉద్రేకంగా ఉండేవాళ్లు చివరి రెక్కల్లో. కిటికీలకు జైలు ఊచలు కనబడకుండా ఇనప చట్రాన్నే మామూలు కిటికీ చట్రంలా పోతపోయించేవారు. 1773లో విలియమ్స్‌బర్గ్‌లో తెరిచిన మొదటి ప్రభుత్వ ఆసుపత్రిలో ఉన్నవి జైలు గదుల్లాంటి 24 కొట్లు. అక్కణ్ణుంచి ఇక్కడికి ఎంత దూరం వచ్చారో చూడండి.

కాటేజీ పద్ధతిలో అచ్చంగా పేరు తెచ్చుకున్నది ఇల్లినాయ్‌లోని కాంకకీ. 1879లో రోగులను చేర్చుకుంది. ఒకే కప్పు కింద అందరినీ కుక్కకుండా విడివిడి ఇళ్లు కట్టారు. ఇంటి వాతావరణం ఉంటుంది, నెమ్మదస్థులకు తలుపులు తీసి ఉంచవచ్చు, వైద్యం అంతగా అవసరంలేని పాత రోగుల కోసం ఖరీదైన కట్టడం అక్కర్లేదు. దీన్ని గట్టిగా సమర్థించిన ఇల్లినాయ్ ధర్మసంస్థల బోర్డు కార్యదర్శి ఫ్రెడరిక్ వైన్స్ వాదన ఇదే, అందులో నాకు తప్పేమీ కనిపించదు. రోజులు ఎలా గడుస్తాయన్నది ఒక్కటే చూస్తే కాటేజీదే పైచేయి.

నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యం, ఆసుపత్రిలో ఎంతమంది ఉండాలన్నది. కిర్క్‌బ్రైడ్ దానికి 250 అని అంకె చెప్పాడు. మానసిక ఆసుపత్రుల సూపరింటెండెంట్ల సంఘం 1851లో ఆమోదించిన సూత్రాల్లోనూ అదే హద్దు. ఆ అంకె వెనక కారణం సూటిగా ఉంటుంది: ఒక పెద్ద డాక్టరు రోగుల్ని స్వయంగా చూస్తూ, ఎవరి స్థితి ఏమిటో తెలుసుకుంటూ ఉండగలిగేది అంతమందినే. ఆ భవనం ఆకారం కూడా హద్దుకు కట్టుబడే ఉంటుంది. ఇంకో రెక్క అతికిస్తే ఉన్న రెక్కకు వెలుతురు పోతుంది. నడవాలో మంచాలు వేశారంటే ఆసుపత్రి నిండిపోయిందని లోపలికొచ్చిన ఎవరికైనా తెలుస్తుంది.

కాటేజీల్లో ఆ అడ్డు లేదు. మనుషులు పెరిగితే పక్కన ఇంకో ఇల్లు కట్టవచ్చు, పైగా చవక. శాసనసభలకు నచ్చిందే అది. కాంకకీ చివరికి వేలమందికి చేరింది. విడి కట్టడాలకు చోటిచ్చిన విలార్డ్‌లో పదేళ్లు తిరక్కుండానే వెయ్యి దాటారు. ఇళ్లు చిన్నవే కావచ్చు, ఆసుపత్రి మాత్రం ఒక ఊరంత అయింది.

కిర్క్‌బ్రైడ్ పక్షాన చాలామంది ఎత్తి చూపే వాదన ఒకటుంది, చిన్న ఆసుపత్రుల కాలంలో నయమైనవాళ్ల శాతం ఎంతో ఎక్కువని. దాన్ని నేను వాడుకోను. నయమై వెళ్లి మళ్లీ వచ్చిన మనిషినే ఆ నివేదికల్లో పలుమార్లు లెక్కవేశారని, తానూ ఒక మానసిక ఆసుపత్రి సూపరింటెండెంటే అయిన ప్లైనీ ఎర్ల్ 1877లో బయటపెట్టాడు.

కిర్క్‌బ్రైడ్ భవనాలూ కిక్కిరిసిపోయాయి కదా అని అడుగుతారు. నిజమే. 1866లో సంఘమే ఆ హద్దును 600కు పెంచేసింది. 1890లో న్యూయార్క్ చట్టం రోగుల పోషణను కౌంటీల నుంచి రాష్ట్రానికి మార్చడంతో, తమ ఖర్చుతో చూసుకుంటున్న మతిమరుపు వృద్ధులను కూడా కౌంటీలు రాష్ట్ర ఆసుపత్రులకు పంపేశాయి. 1955 నాటికి దేశం మొత్తమ్మీద ఈ ఆసుపత్రుల్లో సుమారు 5,59,000 మంది ఉన్నారు. ఆ వరదకు ఏ నమూనా అయినా తలవంచేదే.

అయితే హద్దును నిలబెట్టడం అసాధ్యమేమీ కాదు. కిర్క్‌బ్రైడ్ తన ఆసుపత్రి నిండిపోయినప్పుడు 1859లో మగవాళ్లకు వేరే భవనం కట్టించి, దానికి వేరే డాక్టర్లను పెట్టాడు. అది ప్రైవేటు సంస్థ కాబట్టి సాగింది. వచ్చినవాళ్లను కాదనే అధికారం ప్రభుత్వ ఆసుపత్రి సూపరింటెండెంటుకు ఎక్కడుంది? రాష్ట్రాలు అలా చిన్నచిన్నవి ఎన్నో కట్టుకోవాలంటే డబ్బు కావాలి. మానసిక రోగుల కోసం పోరాడిన సంస్కర్త డొరొథియా డిక్స్ ఏళ్లపాటు తిరిగి సాధించిన బిల్లు ఉద్దేశం అదే: కోటి ఎకరాలకు పైగా ప్రభుత్వ భూమిని ఇందుకోసం రాష్ట్రాలకు ఇవ్వడం. అమెరికా కాంగ్రెస్ ఉభయ సభలూ ఆమోదించాయి. 1854లో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ పియర్స్, ఇది రాష్ట్రాలు చూసుకోవాల్సిన పని అంటూ వీటో చేశాడు. ఆ తర్వాత రాష్ట్రాలు తమ ఖజానా ఎంతవరకు అనుమతిస్తే అంతవరకే కట్టాయి, కాంకకీ నాటికి చవకైనదాన్నే మేలైనదిగా చూడటం అలవాటైంది.