అత్తగారి వేలిముద్రలు, రెండు లైవ్ స్కాన్ షాపులు

"ఇక్కడ కూడా వేలిముద్రేనా అమ్మాయ్?" అన్నారు మా అత్తగారు కారు దిగుతూనే. లాండ్రీకీ డోనట్ షాపుకీ మధ్య ఇరుక్కున్న చిన్న లైవ్ స్కాన్ షాపు అది, అంటే మిషను మీద వేలిముద్రలు తీసి ప్రభుత్వానికి పంపే చోటు. దాని ముందు నిలబడి కొంగుతో రెండు చేతులూ తుడుచుకున్నారు. ఆవిడకి వేలిముద్రంటే భయం లేదు, విసుగు. గుంటూరు జిల్లాలో మా ఊరి రేషన్ షాపు మిషను ఏ నెలా ఆవిడ వేలిని మొదటిసారికి ఒప్పుకున్న పాపాన పోలేదు. మిరప కోతలు, పత్తి తీతలు, అంట్ల గిన్నెలు, అన్నీ కలిసి ఆ వేళ్ల చివర్లని నున్నగా అరగదీశాయి. చివరికి డీలరు కంటిపాప ఫొటో తీసి బియ్యం ఇచ్చేవాడట.

ఫ్రీమాంట్‌లో మా ఇంట్లోనే చిన్నపిల్లల డేకేర్ పెట్టుకుందామని నేను లైసెన్సుకి దరఖాస్తు చేశాను. కాలిఫోర్నియాలో ఈ లైసెన్సు ఇచ్చేది సిటీ కాదు, రాష్ట్ర సోషల్ సర్వీసెస్ డిపార్ట్‌మెంట్. ఎనిమిదిమంది పిల్లల దాకా చూసుకునే చిన్న లైసెన్సుకి ఏడాదికి 73 డాలర్లు, 14 మంది దాకా అయితే 140. ఓరియెంటేషన్, సీపీఆర్, ఫస్ట్ ఎయిడ్ క్లాసులు సరే, రెండు శనివారాలు కళ్లు మూసుకుంటే అయిపోతాయి. అసలు కథంతా ఇంట్లో మనుషుల దగ్గరే. 18 ఏళ్లు నిండి ఆ ఇంట్లో ఉంటున్న ప్రతివాళ్లూ వేళ్లు స్కాన్ చేయించుకోవాలి. ఆ ముద్రలు రాష్ట్ర జస్టిస్ డిపార్ట్‌మెంటుకీ ఎఫ్‌బీఐకీ వెళ్తాయి. పిల్లల మీద దౌర్జన్యం కేసుల జాబితా ఒకటి విడిగా ఉంది, అందులోనూ పేరు వెతుకుతారు. నేను, మా ఆయన అంటే అర్థముంది. ఆరు నెలల వీసా మీద మనవణ్ణి చూడ్డానికి వచ్చిన అత్తగారి సంగతేంటని ఆఫీసులో అడిగాను. ఆరు నెలలంటే ఉంటున్నట్టే లెక్క, చేయించండి అన్నారు.

ఇక్కడే ఒక కన్సల్టెంటు గురించి చెప్పాలి. వాట్సాప్ గ్రూపులో దొరికారు, మనవాళ్లే, పేరు వద్దులెండి. "మీ అత్తగారి పేరు ఫారంలో రాయకండి, విజిటరే కదా, ఎవరికి తెలుస్తుంది" అన్నారు. తనిఖీకి వచ్చినవాళ్లు హాల్లో ఆవిడ జపమాల, బీపీ మాత్రలు, దండెం మీద చీర చూసి ఎవరమ్మా అని అడిగితే నేనేం చెప్పాలి? క్లియరెన్సు లేని మనిషి ఇంట్లో ఉంటే రోజుకి 100 డాలర్లు జరిమానా పడుతుంది. అది పోతే పోయింది, మొదటి రోజే అబద్ధంతో మొదలుపెట్టినదాన్ని రేపు పిల్లల తల్లిదండ్రుల మొహాలు ఎలా చూడను?

అదే మనిషి ఇచ్చిన 600 డాలర్ల ప్యాకేజీలో "సిటీ బిజినెస్ లైసెన్సు ఫీజు" అని ఒక పద్దు కూడా ఉంది. నాకు అనుమానం వచ్చి సిటీ కౌంటరుకి ఫోన్ చేశాను. ఇంట్లో నడిపే డేకేర్‌కి చిన్నదైనా పెద్దదైనా బిజినెస్ లైసెన్సూ అక్కర్లేదు, టాక్సూ అక్కర్లేదు అని రెండు నిమిషాల్లో తేల్చేశారు. 2020 జనవరి నుంచి రాష్ట్ర చట్టమే అలా ఉంది, ఎస్‌బీ 234 అంటారు. ఏ సిటీ అయినా సరే, ఫ్యామిలీ డేకేర్ దగ్గర ఆ ఫీజు వసూలు చేయకూడదు. మీలో ఎవరినైనా ఎవరైనా ఆ పద్దు అడిగితే ఈ నంబరు చెప్పండి, మొహం చూడండి.

ఇక షాపుల సంగతి. లైవ్ స్కాన్‌లో ప్రభుత్వానికి కట్టే ఫీజు ఏ షాపుకి వెళ్లినా ఒకటే. వేళ్లు దొర్లించి ముద్ర తీసినందుకు షాపువాళ్లు తీసుకునే రోలింగ్ ఫీజు మాత్రం ఎవరిష్టం వాళ్లది. నేను మామూలుగా మన బుద్ధి పోనిచ్చుకోక, అన్నిటికంటే తక్కువ ఎక్కడుందో వెతికి 15 డాలర్ల షాపుకి ముగ్గురినీ తీసుకెళ్లాను. అక్కడున్న అబ్బాయి చెవిలో ఇయర్‌ఫోన్ తియ్యలేదు. అత్తగారి చేయి పట్టుకుని రబ్బరు స్టాంపు వేసినట్టు పది వేళ్లూ టకటకా అద్దించేశాడు. మిషను రెండుసార్లు ఎర్రగా చూపించింది, అతనేదో బటన్ నొక్కి దాటేశాడు. అయిదు నిమిషాల్లో బయటికొచ్చాం. భలే తొందరగా అయిందే అని సంబరపడ్డాను కూడా.

మా ఇద్దరివీ నాలుగో రోజుకే క్లియరయ్యాయి. అత్తగారివి రెండు వారాలైనా రాలేదు. తర్వాత ఒక ఉత్తరం వచ్చింది: ముద్రల నాణ్యత చాలలేదు, మళ్లీ చేయించండి. ఆవిడ తిరుగు టికెట్ ఇంకో ఐదు వారాల్లో ఉంది. టెన్షన్ నాకు. ఆవిడేమో "నే వెళ్లిపోయాక తెరువు, గొడవుండదు" అని ఒకటే పాట. సెప్టెంబరులో చేరతామన్న ఇద్దరు పిల్లల తల్లులు అప్పటికే ఫోన్లు చేస్తున్నారు.

అప్పుడు మా వీధిలో ఉన్న ఒకావిడ ఈ డోనట్ షాపు పక్క షాపు చెప్పారు. రోలింగ్ ఫీజు 30 డాలర్లు, మొదటిదానికి రెట్టింపు. నడిపేది ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, డెబ్బై దాటి ఉంటారు. ఉత్తరం చూపించగానే, పాత ఫారం మీద ఏటీఐ నంబరు, అంటే మొదటి స్కానుకి ఇచ్చిన గుర్తింపు నంబరు, ఉందా అని అడిగారు. రెండోసారి చేయించేటప్పుడు ఆ నంబరు కొత్త ఫారంలో వేస్తే ప్రభుత్వ ఫీజు మళ్లీ కట్టక్కర్లేదట. నేను ఆ పాత కాయితం దాదాపు పారేసేదాన్ని. మొదటి షాపు అబ్బాయి ఆ ముక్క చెప్పనేలేదు.

ఆయన అత్తగారి అరచేతులు తిప్పి చూసి, "పొలం చేతులు" అన్నారు. నేను తెలుగులో చెప్తే ఆవిడ మొహం వెలిగింది. ముందు వేడినీళ్లలో ముంచిన గుడ్డ చేతులకి చుట్టి కూర్చోబెట్టారు. తర్వాత లోషన్ రాసి, పూర్తిగా ఇంకేదాకా ఆగి, మళ్లీ పొడిగుడ్డతో తుడిచారు. తడి ఎక్కువైతే ముద్ర అలుక్కుపోతుంది, తక్కువైతే గీతలు పడవు, ఈ రెండిటికీ మధ్య ఒక నిమిషం ఉంటుంది, ఆ నిమిషం పట్టుకోవాలి అని నాకు చెప్తూనే చేస్తున్నారు.

అసలు చిక్కు అప్పుడు తెలిసింది. అత్తగారు అద్దం మీద వేలు పెట్టగానే, గోరు తెల్లబడేంత గట్టిగా నొక్కేస్తున్నారు. రేషన్ షాపు అలవాటు! అక్కడ డీలరు "గట్టిగా నొక్కవమ్మా" అంటూ పైన తన వేలు కూడా పెట్టి అదిమేవాడట. ఇక్కడ అలా నొక్కితే మిగిలిన ఆ కాస్త గీతలూ చదునైపోతాయి. "అత్తయ్యా, చేయి వదిలెయ్యండి, ఆయనే తిప్పుతారు" అని నేను, "రిలాక్స్, మమ్మీ" అని ఆయన. ఆవిడకి చేయి వదలడం రాలేదు. చివరికి ఆయన "నా వైపు కాదు, ఆ గోడ మీద క్యాలెండరు చూడమనండి" అన్నారు. ఆవిడ క్యాలెండరులో చర్చి బొమ్మ చూస్తుండగా మణికట్టు పట్టుకుని, బొటనవేలు ఒంటివైపుకి, మిగతా వేళ్లు బయటివైపుకి, గోరు ఈ అంచు నుంచి ఆ అంచుదాకా మెల్లగా దొర్లించారు. కుడి చూపుడువేలు ఒక్కటే ఏడుసార్లు తీశారు. ఏడోసారి తెరమీద సన్నటి గీతలు, నాగలి చాళ్లలాగే, వంపు తిరిగి కనిపించాయి. మొత్తం నలభై నిమిషాలు. మా వెనక ముగ్గురు నిలబడే ఉన్నారు, ఆయన ఒక్కసారి కూడా తల ఎత్తి గడియారం చూడలేదు.

లోటు లేదా అంటే ఉంది. అపాయింట్‌మెంట్లు లేవు, ఫోన్ ఎత్తరు. కుర్చీలు రెండే. మధ్యాహ్నం ఎప్పుడు భోజనానికి వెళ్తారో ఎప్పుడొస్తారో తలుపు మీద బోర్డు ఉండదు. మొదటిరోజు మేం గంటసేపు డోనట్ షాపులో కూర్చుని, షుగరున్న అత్తగారి ముందు నేను డోనట్ తిన్నాను. రోలింగ్ ఫీజు నగదే తీసుకుంటారు. అందుకే ఈ షాపుకి అయిదు స్టార్లకి నాలుగే ఇస్తున్నాను. మీ ఇంట్లో వయసున్నవాళ్లున్నా, చేతిపని చేసినవాళ్లున్నా మాత్రం వేరే షాపు వెతక్కండి. ఎక్కడుందో అడిగితే చెప్తాను. కుర్ర చేతులకి 15 డాలర్ల షాపు సరిపోతుంది, నావి అక్కడే క్లియరయ్యాయి కదా.

క్లియరెన్సు తొమ్మిదో రోజున వచ్చింది. ఆవిడ ప్రయాణానికి ఇంకా పది రోజులుంది. మెయిల్ చదివి వినిపిస్తే, "అంటే ఇంక నా వేలిముద్ర అమెరికా వాళ్ల దగ్గరుంటుందా?" అని అడిగారు. ఉంటుందన్నాను. కాసేపు ఆలోచించి, దాన్ని ప్రింటు తీసి పాస్‌పోర్టు కవర్లో పెట్టమన్నారు. ఎందుకంటే, ఊరెళ్లాక డీలరుకి చూపించాలట.