కెనాన్ 10-18 లెన్సు: ఏళ్ల తరబడి ఫ్లాట్ల ఫోటోలు తీశాక

కూకట్‌పల్లి, మియాపూర్ వైపు అమ్మకానికి, అద్దెకి పెట్టే ఫ్లాట్లు తీయడం నా పని. కెమెరా మారింది గానీ, 2014లో వచ్చిన ఈ ఈఎఫ్-ఎస్ 10-18 ఎంఎం మాత్రం మారలేదు. క్రాప్ సెన్సార్ (చిన్న సెన్సార్) బాడీలకి చేసిన వైడ్ లెన్సు, ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) లెక్కలో 16-29 ఎంఎం అంత వెడల్పు చూపిస్తుంది. బరువు 240 గ్రాములే, కెమెరాకి తగిలించే మౌంటు కూడా ప్లాస్టిక్కే. అపర్చర్ (వెలుగు లోపలికొచ్చే రంధ్రం) ఎఫ్/4.5 కంటే పెద్దగా తెరుచుకోదు కాబట్టి చీకటి ఫంక్షన్ హాళ్లలో కష్టం. ఇంటి ఫోటోలకి ఆ బెంగ లేదు, ఎలాగూ ట్రైపాడ్ మీద ఎఫ్/8లోనే తీస్తాం.

నా సెట్టింగులు: ఎఫ్/8, ఐఎస్ఓ (వెలుగుకి సెన్సార్ స్పందన) 100, రా ఫైలు (తర్వాత దిద్దుకోడానికి వీలైన ముడి ఫైలు). మీటరున్నర దూరంలో ఫోకస్ పట్టి మాన్యువల్‌కి తిప్పేస్తే, రెండు రెండున్నర అడుగుల అవతలి నుంచి ఎదుటి గోడ దాకా అంతా స్పష్టంగా వస్తుంది. ఇక ఇల్లంతా ఫోకస్ ముట్టుకోను. షటర్ టైము ఎంతొస్తే అంత. ట్రైపాడ్ ఎక్కించగానే, చేతి వణుకు తగ్గించే స్టెబిలైజర్ ఆఫ్.

అసలు తలనొప్పి బాల్కనీ తలుపుతో. గది బాగా పడితే బయటంతా తెల్లగా పోతుంది, బయటికి చూసుకుంటే సోఫా నల్లగా మారుతుంది. బ్రాకెటింగ్ (ఒకే దృశ్యం మామూలుగా, చీకటిగా, వెలుగుగా మూడు షాట్లు) రెండు స్టాపుల తేడాతో, అంటే ఒక్కో షాట్‌కీ వెలుగు నాలుగు రెట్లు తేడా వచ్చేలా పెట్టి, రెండు సెకన్ల టైమర్ నొక్కితే మూడు షాట్లూ వరసగా అవే పడతాయి. కెమెరా మీద మళ్లీ చెయ్యి పడదు. ఫ్యాను ముందే ఆపాలి, పూర్తిగా నిలిచేదాకా ఆగాలి. కర్టెన్లు కదిలినా, మూడూ కలిపేటప్పుడు అంచులు రెండేసి కనిపిస్తాయి.

లైట్ల విషయంలో ఇంటివాళ్లతో రోజూ వాదనే. ఫాల్స్ సీలింగ్‌కి అంత ఖర్చు పెట్టాం, అన్నీ వెయ్యండి అంటారు. పసుపు ఎల్ఈడీ, కిటికీ వెలుగు కలిస్తే తెల్ల గోడ ఒకవైపు నారింజ, ఇంకోవైపు నీలం. పగలైతే నేను అన్నీ ఆపేసి వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా రావడానికి పెట్టే సెట్టింగు) 5200 కెల్విన్ దగ్గర ఉంచుతాను. కిటికీ లేని బాత్రూముకి మాత్రం లైట్లు తప్పవు.

ఇక 10 ఎంఎం, అంటే లెన్సు అన్నిటికన్నా వెడల్పుగా చూపే చివర. "భయ్యా, హాలు పెద్దగా కనబడాలె" అని ప్రతి బ్రోకరూ అడిగేదే. ఆ చివర్లో తీస్తే అంచున ఉన్న ఫ్రిజ్ బీరువా అంత వెడల్పవుతుంది, ఎదుటి గోడ పక్క వీధికి పోతుంది. చూడ్డానికొచ్చినవాళ్లు గుమ్మంలోనే మొహం మాడ్చుకుంటారు. హాలుకి, బెడ్రూములకి 12-14 చాలు. 10 బాత్రూముకి, వాష్ ఏరియాకి ఉంచుకోండి. కెమెరా నాలుగడుగుల ఎత్తులో, వాలకుండా నిటారుగా ఉంటే గోడలు పడిపోతున్నట్టు రావు. వంటింట్లో ఇంకాస్త పైకి లేపితే గట్టు పైభాగం కనిపిస్తుంది.

కెనాన్ కొత్త తరం క్రాప్ సెన్సార్ కెమెరాలు ఆర్50, ఆర్10 కొత్తగా కొనేవాళ్లకి 2023లో ఆర్ఎఫ్-ఎస్ 10-18 వచ్చింది, 150 గ్రాములే. పాత లెన్సు చేతిలో ఉంటే, కెమెరాకీ దానికీ మధ్య పెట్టే అడాప్టర్ చాలు, నా ఆర్10 మీద అలాగే నడుస్తోంది.