బెంగళూరు ఎండలో ఎక్సినోస్ ఎస్24: వద్దన్న వాళ్లందరి కోసం

నేను శాంసంగ్ గెలాక్సీ ఎస్24 ఫోన్ కొంటున్నా అనగానే మారతహళ్లి పీజీలో మావాళ్లంతా ఒకటే గోల, అది ఎక్సినోస్ (శాంసంగ్ సొంత ప్రాసెసర్ చిప్) రా బాబూ, మన దగ్గర స్నాప్‌డ్రాగన్ (క్వాల్‌కామ్ కంపెనీ చిప్) కావాలంటే ఎస్24 అల్ట్రానే తీసుకోవాలి అని. నిజమే, 2024లో లాంచ్ అయినప్పుడు ఇండియాలో ఎస్24, ఎస్24 ప్లస్ రెండిట్లో ఎక్సినోస్ 2400, అల్ట్రాలో మాత్రం స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 3. కానీ అల్ట్రాకి పెట్టే డబ్బుతో మా ఊళ్లో సెకండ్ హ్యాండ్ బండి వస్తుంది, పైగా ఆ ఇటుక జేబులో పట్టదు.

ఎక్సినోస్ అంటే హీటెక్కుతుందనే ఈ భయం ఎక్కడినుంచి వచ్చిందంటే 2020 నుంచి. ఎస్20లో మనకి ఎక్సినోస్ 990 ఇచ్చారు, 7 నానోమీటర్ చిప్, అందులో పెద్ద కోర్లు (చిప్‌లో అసలు పని చేసే భాగాలు) శాంసంగ్ సొంతంగా డిజైన్ చేసినవి, మంగూస్ అంటారు. హీట్, బ్యాటరీ అని జనం పెద్ద గొడవే చేశారు, ఆన్‌లైన్‌లో పిటిషన్ కూడా పెట్టారు. కామెడీ ఏంటంటే కొరియాలో, అంటే వాళ్ల సొంత దేశంలోనే, ఎస్20ని స్నాప్‌డ్రాగన్ 865తో అమ్మారు! ఆ మంగూస్ కోర్లు చేసే టెక్సస్ టీమ్‌ని 2019లోనే ఎత్తేశారు, అందుకే ఆ తర్వాత వచ్చిన ఎక్సినోస్ 2100 నుంచి అన్నీ ఆర్మ్ అనే కంపెనీ డిజైన్ చేసిన కోర్లే.

అంతకుముందు కథ వేరు. 2010లో మొదటి గెలాక్సీ ఎస్‌లో శాంసంగ్ చిప్ హమ్మింగ్‌బర్డ్, 2011లో ఎస్2తో ఎక్సినోస్ పేరు, అప్పట్లో స్పీడ్ అంటే ఇవే. 2015లో స్నాప్‌డ్రాగన్ 810 హీటెక్కుతోందని అందరూ తిడుతుంటే శాంసంగ్ ఎస్6లో దాన్ని పక్కనపెట్టి సొంత 14 నానోమీటర్ ఎక్సినోస్ 7420 పెట్టింది. ఇప్పుడు తిట్టేవాళ్లకి ఇది గుర్తుండదు లెండి.

ఇక 2400 సంగతి. పది కోర్లు, ఏఎండీ టెక్నాలజీతో చేసిన ఎక్స్‌క్లిప్స్ 940 గ్రాఫిక్స్. ఏప్రిల్‌లో సిల్క్ బోర్డ్ దగ్గర బైక్ మీద హోల్డర్‌కి తగిలించి మ్యాప్స్ పెట్టా, ఎండ నేరుగా పడుతోంది, పక్కన బీఎంటీసీ బస్సు సెగ వేరే, అయినా స్క్రీన్ క్లియర్‌గానే కనిపించింది, ఫోన్ గోరువెచ్చగా అయింది అంతే. బీజీఎంఐ గేమ్ ఆడినా కెమెరా కింద భాగం వేడెక్కుతుంది గానీ చెయ్యి తీసేంత కాదు.

4000 ఎంఏహెచ్ బ్యాటరీ, 25 వాట్ల ఛార్జింగ్, బాక్స్‌లో ఛార్జర్ లేదు, ఈ రేటుకి ఇది పీనాసితనమే. రోజంతా హాట్‌స్పాట్ పెట్టే ఐటీ బ్యాచ్ అయితే ఎస్24 ప్లస్ చూసుకోండి. ఏడేళ్లు అప్‌డేట్స్ ఇస్తామన్నారు కాబట్టి మాటిమాటికీ ఫోన్ మార్చని నాలాంటి వాడికి ఇదే పెద్ద ప్లస్.

అంత బడ్జెట్ లేక బెంగళూరు ఎలక్ట్రానిక్స్ మార్కెట్ ఎస్పీ రోడ్డులో పాత ఎస్20 ఎఫ్ఈ (ఎస్20లో తక్కువ ధర మోడల్) కొనేవాళ్లు మాత్రం కవర్ చూసి మోసపోకండి, సెట్టింగ్స్‌లో మోడల్ నంబర్ చూడండి, జి780ఎఫ్ అయితే ఆ 990నే, జి781బి అయితే స్నాప్‌డ్రాగన్ 865 ఉన్న 5జీ మోడల్, షాపోడు రెండూ ఒకటే సార్ అంటే నవ్వి పక్క షాపుకి వెళ్లిపోండి.