ఆషాఢంలో అద్దెకు తెచ్చిన 200-500

నాది పెళ్లి ఫొటోల వృత్తి. చెన్నైలో తెలుగు పెళ్లిళ్లూ చేస్తాను, తమిళ పెళ్లిళ్లూ చేస్తాను. మన ఆషాఢానికి వాళ్ల ఆడి మాసం తోడైతే ముహూర్తాలు ఉండవు, కెమెరాలు బీరువాలోనే పడి ఉంటాయి. ఈసారి ఆ ఖాళీలో, ఐటీ ఆఫీసులుండే ఓఎంఆర్ రోడ్డులో ఉద్యోగాలు చేసే మన తెలుగు కుర్రాళ్లు తమ ఆదివారం క్రికెట్ మ్యాచ్‌లకు ఫొటోలు తీసిపెట్టమని అడిగారు. డబ్బులు ఉండవు, పొంగల్, వడ పెట్టిస్తామన్నారు. సరేనన్నాను.

మొదటి వారం పెళ్లిళ్లకు వాడే 70-200 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్‌తోనే వెళ్లాను. ఈ అంకె పెరిగేకొద్దీ దూరాన ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది. తాంబరం దాటాక ఒక కాలేజీ మైదానం. బౌండరీ బయట నేను కూర్చున్న చోటి నుంచి బ్యాటర్ దాదాపు 65 మీటర్లు. నా నికాన్ డి500 కెమెరాలో 200 దగ్గర ఫ్రేము ఎత్తు ఆ దూరాన 5 మీటర్లు వస్తుంది. అంటే మనిషి అందులో మూడో వంతు, మిగతాదంతా పచ్చిక. ఇంటికొచ్చి కత్తిరించి చూస్తే ముఖం కంటే గడ్డే బాగా పడింది.

రెండో వారం నుంచి నికాన్ 200-500 అద్దెకు తెచ్చాను. 2015లో వచ్చిన లెన్స్. జూమ్ ఎంత తిప్పినా అపర్చర్, అంటే వెలుగు లోపలికి వచ్చే రంధ్రం కొలత, ఎఫ్ 5.6 దగ్గరే ఉంటుంది, వెలుగు లెక్క మారదు. అదే 65 మీటర్ల దూరానికి 500 దగ్గర ఫ్రేము ఎత్తు 2 మీటర్లు. బ్యాటర్ తల నుంచి బూట్ల దాకా నిండుగా సరిపోతాడు. కానీ బ్యాట్ పైకెత్తాడా, కొస తెగిపోతుంది. నాకు 400 దగ్గర హాయిగా ఉంది, 500 బౌలర్ ముఖానికి దాచుకున్నాను.

బరువు 2.3 కిలోలు. పెళ్లిలో రోజంతా రెండు కెమెరాలు మోసేవాణ్ణే, అయినా మూడో ఓవర్‌కు నా ముంజేయి వణికింది. ఒంటికాలి స్టాండు లేకుండా ఈ లెన్స్ తీసుకెళ్లకండి. ఇంకో సంగతి, 200 నుంచి 500కు తిప్పడానికి మణికట్టు ఒక్క తిప్పులో రాదు, పట్టు మార్చుకుని రెండోసారి తిప్పాలి. బంతి గాలిలోకి లేచాక జూమ్ మార్చి క్యాచ్ పట్టే ఫీల్డర్‌ను అందుకుందామంటే ఆ లోపు పని అయిపోతుంది. నేను ఆ ప్రయత్నమే మానేశాను.

అసలు మార్పు తెచ్చింది లెన్స్ కంటే కుర్చీ. ఆ పిచ్ ఉత్తర దక్షిణాలుగా ఉంది. ఉత్తరం కొసన బౌలర్ వెనక నిలిపే పెద్ద తెర, సైట్‌స్క్రీన్‌కు తూర్పు పక్కన కుర్చీ వేసుకున్నాను. ఉత్తరం నుంచి బౌలింగ్ జరిగే ఓవర్లో కుడిచేతి బ్యాటర్ ఛాతీ ఆఫ్ సైడుకు, అంటే తూర్పుకు తిరిగి ఉంటుంది. ఏడు గంటల ఎండ నేరుగా ముఖం మీద పడుతుంది, టోపీ నీడ కింద కళ్లు కూడా కనిపిస్తాయి. మరుసటి ఓవర్ అవతలి కొస నుంచి. అప్పుడు బ్యాటర్ వీపే దక్కుతుంది, కానీ బౌలర్ నా వైపే పరుగెత్తుకొస్తాడు. ఒక ఓవర్ బ్యాటర్‌కు, ఒక ఓవర్ బౌలర్‌కు. కుర్చీ కదపనక్కర్లేదు. ఎడమచేతి వాటం వాడొస్తే మాత్రం ఈ లెక్క తలకిందులు.

డి500 సెకనుకు 10 ఫ్రేములు తీస్తుంది. బటన్ నొక్కి పట్టుకుంటే బ్యాట్‌కు బంతి తగిలే క్షణం ఎక్కడో ఒక ఫ్రేములో పడుతుందనుకున్నాను. పడలేదు. మన కుర్రాళ్ల పేసర్ గంటకు 110 కిలోమీటర్లు వేస్తాడనుకుందాం. రెండు ఫ్రేముల మధ్య ఆ బంతి 3 మీటర్లు దాటిపోతుంది. మొదటి ఫ్రేములో బంతి బ్యాటర్ దాకా రాలేదు, రెండో దాంట్లో కీపర్ వైపు పోయింది. తలంబ్రాలు పోసేటప్పుడు చేతులు లేవకముందే నొక్కడం నాకు అలవాటే. ఇక్కడా అదే చేశాను: బౌలర్ చేతిని చూడటం మానేసి బ్యాటర్ ముందు కాలు చూశాను. కాలు నేలను తాకగానే నొక్కితే పదింట్లో మూడు నాలుగు దక్కాయి. షట్టర్ తెరుచుకునే సమయం సెకనులో 2000లో ఒక వంతు. 1000లో ఒక వంతు పెడితే ఆ బంతి 3 సెంటీమీటర్లు జరుగుతుంది, అంటే గుండ్రని బంతి కోడిగుడ్డులా సాగి కనిపిస్తుంది.

ఒక సిక్సర్ తర్వాత కెప్టెన్ పరుగెత్తుకొచ్చాడు.

“అన్నా, వచ్చిందా?”

“నువ్వు వచ్చావు తమ్ముడూ, బంతి రాలేదు.”

లెన్స్‌లో వణుకు తగ్గించే వీఆర్ ఉంది. అది తగ్గించేది నా చేతి వణుకునే, ఆటగాడి కదలికను కాదు. ఆడి గాలికి సన్నికల్లు కూడా కదులుతుందని ఇక్కడి సామెత. లెన్స్ ముందు తొడిగే ఆ పెద్ద హుడ్‌కు గాలి తగిలితే స్టాండుతో సహా ఊగుతుంది. అప్పుడు మాత్రం వీఆర్ అక్కరకొచ్చింది.

పదకొండు దాటాక తీసిన ఫొటోలన్నీ మెత్తగా వచ్చాయి. ఫోకస్ తప్పిందని మొదటి రెండు వారాలు లెన్స్‌ను తిట్టుకున్నాను. తప్పు దానిది కాదు, ఎండమావులది. కాలిన నేల మీది వేడిగాలి అలల్లా లేస్తుంటే 65 మీటర్ల అవతలి మనిషి అంచులు నీళ్లలో ఉన్నట్టు కదులుతాయి. ఎంత ఖరీదైన అద్దం పెట్టినా అంతే. ఇక సాయంత్రం ఆరు దాటితే ఎఫ్ 5.6కు వెలుగు చాలదు, వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి, ఐఎస్‌ఓ, పెంచుకుంటూ పోతే తెల్లటి దుస్తుల మీద ఇసుక చల్లినట్టుంటుంది. నా మటుకు ఇది ఉదయం ఏడు నుంచి పది దాకా పనికొచ్చే లెన్స్. ఆ మూడు గంటల్లో దీనికి వంక పెట్టలేను. కొననా అంటే, కొనను. ఏడాదికి నాలుగు ఆదివారాల కోసం అంత డబ్బు ఎందుకు?

అద్దె దుకాణం పేరు రాయను. శనివారం సాయంత్రం తీసుకుని సోమవారం ఉదయం ఇస్తే ఒకటిన్నర రోజు అద్దే వేస్తారు, అది బాగుంది. కానీ చివరి సోమవారం కౌంటర్‌లో కుర్రవాడు లెన్స్‌కు ముందువైపు మూత లేదని, దాని డబ్బులు కట్టమని పట్టుబట్టాడు. 95 మిల్లీమీటర్ల మూత, నాకు ఇచ్చిన రోజే సంచిలో లేదు. అదృష్టవశాత్తు శనివారం అదే బల్ల మీద సంచి విప్పి ఫోనుతో ఫొటో తీసి ఉంచాను. చూపించాను. యజమాని కళ్లద్దాలు పైకి జరిపి ఫోను దగ్గరగా పెట్టుకుని చూశాడు, కుర్రవాణ్ణి తమిళంలో ఏదో అన్నాడు, “సరే సార్” అని నా అడ్వాన్సు లెక్కపెట్టి ఇచ్చాడు. వచ్చే ఆదివారానికి రాసుకోనా అని పుస్తకం తెరిచాడు. శ్రావణం వచ్చేసింది, వద్దన్నాను.