పాత హీరో-1 తెచ్చుకోవాలా, కొత్త రోబో కట్టుకోవాలా?

పాత ఇంటి రోబోల మీద మోజున్నవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. అమెరికాలో ఉండే మనవాళ్లకు హీత్‌కిట్ కంపెనీ పాత ఇంటి రోబో హీరో-1 ఆన్‌లైన్ వేలంలోనో, పాత సామాన్ల అమ్మకంలోనో కంటపడుతుంది. ఆ డబ్బుకే రాస్ప్‌బెర్రీ పై (చిన్న బోర్డు కంప్యూటర్), లైడార్ (లేజర్‌తో దూరం కొలిచే సెన్సర్) పెట్టి మంచి రోబో కట్టుకోవచ్చు కదా అన్న ఆలోచన వెంటనే వస్తుంది.

పనితనమే లెక్కయితే కొత్తదే గెలుస్తుంది, పోటీ లేదు. మిషిగన్‌లోని బెంటన్ హార్బర్ నుంచి 1982లో వచ్చిన హీరో-1లో ఉన్నది మోటొరోలా 6808 ప్రాసెసర్, 4 కిలోబైట్ల ర్యామ్. ఎదురుగా ఉన్న వస్తువు దూరాన్ని అల్ట్రాసోనిక్‌తో కొలుస్తుంది, వెలుతురు, చప్పుడు, కదలిక పసిగడుతుంది. అంతకుమించి గది ఎలా ఉందో దానికి తెలియదు. ఈ కాలపు చిన్న రోబో టర్టిల్‌బాట్3 బర్గర్ అయితే గదంతా తిరిగి మ్యాప్ గీసుకుని, చెప్పిన చోటికి అడ్డంకులు తప్పించుకుంటూ వెళ్తుంది. చదువు కోసమో ఉద్యోగం కోసమో రోబోటిక్స్ నేర్చుకునేవాళ్లు ఇంకో ఆలోచన పెట్టుకోనక్కర్లేదు. కొత్తది కట్టండి, రోబోలను నడిపే సాఫ్ట్‌వేర్ రాస్ 2 (ROS 2) నేర్చుకోండి.

ఇష్టంకొద్దీ ఇంట్లో పెట్టుకుని ఏళ్ల తరబడి నడుపుకోవాలనుకునేవాళ్లకు మాత్రం తేల్చాల్సిన విషయం వేరు. రోబో ఆగిపోయిన రోజున దాని లోపల ఎంతదాకా వెళ్లగలం? నా మొగ్గు హీరో వైపు ఉండడానికి కారణం ఇదే.

హీరో-1 మొదట కిట్‌గా అమ్మిన వస్తువు. కిట్ కొన్నవాళ్లే సోల్డరింగ్ చేసి నిలబెట్టుకోవాలి కాబట్టి సర్క్యూట్ పటాలు, విడిభాగాల జాబితా, బిగించే వరుస అన్నీ మాన్యువల్‌లోనే ఉంటాయి. తల మీద ప్రయోగాలకు బ్రెడ్‌బోర్డు ఉంది. ప్రోగ్రామ్‌ను హెక్స్ కీప్యాడ్ మీద నేరుగా మెషిన్ కోడ్‌లో కొట్టొచ్చు, కొట్టిన ప్రతి బైట్ ఆరంకెల డిస్‌ప్లేలో కనిపిస్తుంది. మనం రాసిన అక్షరానికీ తిరిగే మోటారుకూ మధ్య మనకు కనపడని పొర ఒక్కటీ లేదు. మామూలు లాజిక్ చిప్పు పోతే హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో అడిగినా దానికి సరిపోయేది దొరికే అవకాశం ఉంది.

దొరకనిది ఒకటుంది, వోట్రాక్స్ ఎస్‌సీ-01 మాటల చిప్. ఇది తయారీలో లేదు. కాబట్టి కొనేముందు రోబోతో మాట్లాడించి చూపించమని అడగండి, బేరం దాని మీదే ఆడండి. ఇందులో 64 ఫోనీమ్ (మాటలోని ఒక్కో ధ్వని) కోడ్‌లు, నాలుగు స్థాయిల స్వరం ఉంటాయి. ఫోనీమ్‌లు అమెరికన్ ఇంగ్లిష్‌వి. 'నమస్కారం' అని ముక్కలు పేర్చి పలికించొచ్చు, వింటే అర్థమవుతుంది కూడా. 'కళ్లు', 'వాణి' దగ్గర మాత్రం పని జరగదు, ళ, ణ ఆ జాబితాలోనే లేవు. ఈ కాలపు సాఫ్ట్‌వేర్ గొంతు తెలుగు చక్కగా చదివేస్తుంది. అయినా ఒక్కో ధ్వనినీ చేత్తో ఏరి పేర్చి రోబో చేత మాట పలికించడంలో ఉన్న ఆనందం దానిలో రాదు.

హీరో చేతికి రాగానే స్విచ్ వేయకండి. ముందు బ్యాటరీలు బయటికి తీయండి. అవి 6 వోల్టుల సీల్డ్ లెడ్ యాసిడ్‌వి, నాలుగుంటాయి. ఇన్నేళ్ల తర్వాత పనికిరావు, పైగా కారి ఉంటే దగ్గరున్న వైర్లను, కనెక్టర్లను తినేస్తాయి. మన దగ్గర ఎమర్జెన్సీ లైట్లకు, ఎలక్ట్రానిక్ కాటాలకు వేసే 6 వోల్టులు, 4.5 ఆంపియర్-అవర్ బ్యాటరీ సుమారు 70 మి.మీ. పొడవు, 47 మి.మీ. వెడల్పు, 100 మి.మీ. ఎత్తు ఉంటుంది. గూడు కొలుచుకుని నాలుగూ ఒకేసారి, ఒకే కంపెనీవి మార్చండి. పాతా కొత్తా కలిపితే సిరీస్‌లో బలహీనమైనది ముందే ఖాళీ అయి పాడవుతుంది.

తర్వాత కరెంట్ లిమిట్ పెట్టిన బెంచ్ సప్లై (వోల్టేజీ, కరెంటు మనమే సెట్ చేసుకునే పవర్ సప్లై) తగిలించి 5 వోల్టుల లైన్ చూడండి. 4.75కీ 5.25కీ మధ్య ఉండాలి. అది సరిగ్గా ఉంటేనే ముందుకెళ్లండి. సాకెట్లలో ఉన్న చిప్పులను ఒక్కొక్కటిగా లేపి, కాళ్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ నొక్కండి. చచ్చిపోయిందనుకున్న బోర్డులు చాలాసార్లు ఇంతమాత్రానికే లేస్తాయి. చెయ్యి, తల స్టెప్పర్ మోటార్ల మీద తిరుగుతాయి. తామెక్కడున్నాయో వాటికి తెలియదు కాబట్టి మొదలెట్టగానే అన్నిటినీ వాటి మొదటి స్థానానికి తెచ్చుకోవాలి. ఆ సమయంలో చెయ్యి దేనికైనా తగిలితే తర్వాత చేసే కదలికలన్నీ పక్కకు పోతాయి.

కొత్త రోబోల జబ్బులు వేరు, చాలావరకు కరెంటువే. ఎల్298ఎన్ మోటార్ డ్రైవర్ దాదాపు 2 వోల్టులు తానే తినేస్తుంది. రెండు 18650 లిథియం సెల్స్ ఇచ్చే 7.4 వోల్టుల్లో మోటారుకు చేరేది ఐదున్నర లోపే. టీబీ6612 డ్రైవర్ వాడితే ఈ బాధ తగ్గుతుంది. మోటార్లు బయలుదేరేటప్పుడు వోల్టేజీ పడిపోయి రాస్ప్‌బెర్రీ పై రీస్టార్ట్ అవుతుంది, అందుకే దానికి విడిగా 5 వోల్టులు, 3 ఆంపియర్ల బక్ కన్వర్టర్ (వోల్టేజీ తగ్గించే బోర్డు) పెట్టి గ్రౌండ్ మాత్రం కలపండి. దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ హెచ్‌సీ-ఎస్‌ఆర్04 ఎకో పిన్ 5 వోల్టులు పంపుతుంది, రాస్ప్‌బెర్రీ పై పిన్ను తట్టుకునేది 3.3 వోల్టులే. మధ్యలో 1 కిలోఓమ్, 2 కిలోఓమ్‌ల రెసిస్టర్లతో వోల్టేజీ డివైడర్ తప్పనిసరి. చౌకగా దొరికే పసుపు గేర్ మోటార్లకు ఎన్‌కోడర్ (చక్రం ఎంత తిరిగిందో చెప్పేది) ఉండదు, రోబో తిన్నగా పోదు. ఎన్‌కోడర్ ఉన్న ఎన్20 మోటార్లు తీసుకోండి.

ఇవన్నీ ఒక సాయంత్రంలో సర్దుకునేవి. కాలంతో వచ్చే చిక్కు సాఫ్ట్‌వేర్‌ది. రాస్ 2లో హంబుల్ అనే వెర్షన్ ఉబుంటు 22.04 మీద నడుస్తుంది, దానికి మద్దతు 2027 మే వరకే. తర్వాతిదానికి మారితే డ్రైవర్లు, ప్యాకేజీలు మళ్లీ కూర్చాలి. షట్‌డౌన్ చేయకుండా స్విచ్ ఆపేస్తే ఎస్‌డీ కార్డు చెడుతుంది, పనిచేస్తున్నప్పుడే దాని ఇమేజ్ (పూర్తి నకలు) తీసి దాచుకోండి. సర్వర్ మీద ఆధారపడే బొమ్మ రోబోల పరిస్థితి ఇంకా అధ్వాన్నం. వెక్టర్ అనే బొమ్మ రోబోను తయారుచేసిన ఆంకీ కంపెనీ 2019లో మూతపడ్డాక, ఇళ్లలో ఉన్న వెక్టర్ల మాట వినే శక్తి సర్వర్లు ఎవరు నడుపుతారన్న దాని మీద ఆధారపడింది. హీరోకి అలాంటి దిక్కు అక్కర్లేదు.

మిగతా పాత రోబోల గురించి క్లుప్తంగా. టోమీ ఆమ్నిబాట్ (1984) చూడముచ్చటగా ఉంటుంది, కదలికలను క్యాసెట్‌లో దాచుకుంటుంది. రిమోట్ లేకుండా కొనకండి, క్యాసెట్ బెల్టు జిగురైపోయి ఉంటుందనే లెక్కలోనే కొనండి. ఆర్‌బీ5ఎక్స్ టైనీ బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నడిచే గట్టి యంత్రం, దొరకడమే కష్టం. టోపో అనే రోబోకి ఆపిల్ 2 కంప్యూటర్ కూడా కావాలి.

హీరోని ఇండియాకు తెచ్చుకుంటే చార్జర్ 120 వోల్టులదని మరవకండి. 230లో పెడితే కాలిపోతుంది. 110 వోల్టుల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడండి, లేదా బ్యాటరీలు తీసి ఒక్కోదాన్నీ 7.2 వోల్టుల దగ్గర విడిగా చార్జ్ చేయండి. రోబో 18 కిలోల దాకా తూగుతుంది. పంపేటప్పుడు బ్యాటరీలు లేకుండా, చెయ్యి కదలకుండా కట్టి పంపమని అమ్మేవాళ్లకు రాతపూర్వకంగా చెప్పండి.